వీధి తెర మీద సువార్త ఇల్లు

"తాతయ్యా, సోమవారం రేపల్లె బళ్ళో నా మొదటి డ్రాయింగు క్లాసు. పిల్లలకి ఏం గీసి చూపించమంటారు?"

ఆ కుర్చీ ఇటు లాక్కో అమ్మా, ఈ చెవి సరిగ్గా వినపడదు. గీసి చూపించడమా? నేను తప్పు చేసింది అక్కడే కదా.

మా నాన్న ఇక్కడే, తెనాల్లో, నాటకాలకి వెనక కట్టే బొమ్మల తెరలు రాసేవాడు. రాజసభ, అడవి, వీధి. ఆ మూడూ ఉంటే ఏ నాటకమైనా గడిచిపోయేదనుకో. నేనేమో బాపట్ల అవతల ఓ ఊళ్ళో డ్రాయింగు మాస్టారిగా చేరా. ఓ ఏడు స్కూలు వార్షికోత్సవానికి కృష్ణుడి నాటకం పెట్టారు. పిల్లలతో వీధి తెర రాయిద్దామనుకున్నా. నాన్న పద్ధతే. బొగ్గుతో గీతలు నావి, రంగులు పిల్లలవి. వరసగా ఇళ్ళు గీశా. ఇంటింటి ముందూ తులసికోట, ముగ్గు, గుమ్మానికి మావిడాకులు. ఒకటి గీసి అన్నిటికీ అదే దించేశానన్నమాట.

సువార్త అని ఎనిమిదో తరగతి... కాదు, తొమ్మిది. చర్చి వెనక పేటలో ఇల్లు. తల్లీ తండ్రీ పొలం పనికెళ్ళేవాళ్ళు. ఏం చెయ్యి అనుకున్నావు ఆ పిల్లది! స్కేలు లేకుండా గీసేది, నాకు రాదు ఆ గీత. ఆ పిల్ల తెరంతా చూసి, "మాస్టారండి, ఇందులో మా ఇల్లు ఏదండి?" అంది.

"ఏదో ఒకటి నీదనుకో, ముందు రంగు వెయ్యి" అన్నా.

"సరేనండి" అంది. కుంచె కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టి వెళ్ళిపోయింది. మర్నాటి నించి నా క్లాసుకి రాలా. లెక్కలకి వస్తుంది, తెలుగుకి వస్తుంది, నా దగ్గరకి మాత్రం రాదు. మూడు రోజులు నేనూ బిగుసుకు కూర్చున్నా. అంత చెయ్యి ఉన్న పిల్ల ఇక కుంచె పట్టదేమోనని భయం వేసింది. సైకిలేసుకుని పేటకెళ్ళా.

తండ్రి ఏసురత్నం అప్పుడే పొలం నించి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మంచం వాల్చాడు. మంచినీళ్ళిచ్చాడు. అప్పుడన్నాడు, నెమ్మదిగానే, "మా పిల్ల చెయ్యి పనికొచ్చింది గానీ మా ఇల్లు పనికిరాలేదంటగా మాస్టారూ."

తల తిప్పి ఇల్లు చూశా. చూరుకి క్రిస్మస్ నక్షత్రం, కాగితం చిరిగి వెదురు పుల్లలే మిగిలినయ్యి. గుమ్మం చుట్టూ సున్నంతో ద్రాక్షతీగ. ఎవరేశారయ్యా అంటే పిల్ల తల వంచుకుంది. అలాంటి తీగ నేనెక్కడా చూళ్ళా తల్లీ. అన్నేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లనైనా, మీ ఇంట్లో ఏం వేస్తారమ్మా అని అడిగిన పాపాన పోలా.

"రేపొస్తావా?" అన్నా.

"మా ఇల్లు గీసుకోవచ్చాండి?"

"గీసుకో."

మర్నాడు తడిగుడ్డతో ఇళ్ళన్నీ తుడిచేశా. ఎవరి ఇల్లు వాళ్ళు గియ్యండన్నా. హమీదా వాళ్ళ గుమ్మానికి ఆకుపచ్చ పరదా వేసింది. పూజారి గారబ్బాయి ముగ్గేశాడు, వంకరగా. దిద్దబోతే, "మా చెల్లి అలాగే వేస్తుందండి" అన్నాడు. ఇక దిద్దలా.

నాటకం రోజున హెడ్మాస్టరు గారు తెర చూసి, "ఏమయ్యా, కృష్ణుడి వీధిలో క్రిస్మస్ స్టారేంటి?" అన్నారు. "వీధిలో ఆ ఇంటివాళ్ళూ ఉన్నారండి, ఏం చెయ్యమంటారు?" అన్నా. ఆయనకీ నవ్వొచ్చింది.

తెర లేచింది... కాదు, మా వీధి తెర వెనక దింపారు. కృష్ణుడొచ్చి, చెయ్యెత్తి పద్యం అందుకున్నాడు. నిలబడటం సరిగ్గా సువార్త ఇంటికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక వరసలోంచి ఏసురత్నం గొంతు, "బాబూ, కాస్త పక్కకి జరుగు, మా ఇల్లు కనపడట్లా!"

జరిగాడమ్మా. పద్యం ఆపకుండానే జరిగాడు.

అందుకని, సోమవారం బోర్డు మీద నువ్వేం గియ్యమాక. సుద్దముక్క వాళ్ళకివ్వు. చల్లగా ఉండు తల్లీ, నీ చెయ్యి మంచిది... ఆ రేపల్లె బండికి మాత్రం పెందరాళే వెళ్ళు, కిటికీ పక్కన సీటు దొరికితే దారి పొడుగునా ఇళ్ళు చూసుకుంటా...