పదకొండు గంటల కాగితం

నా పేరు ముత్యం. వయసు 41 ఏళ్లు. మాది జగిత్యాల జిల్లా. జుఫైర్‌లో కడుతున్న హోటల్ సైటులో ఇనుప సలాకలు కట్టే పని చేస్తాను. సనాబిస్‌లోని క్యాంపు గదిలో ఉంటాను. ఈ రోజు, 2024 మే 9న, ఉదయం 10 గంటలకు, సైటులో జరిగిన ప్రమాదంపై విచారణాధికారి ముందు హాజరై, తెలుగు అనువాదకురాలు జెస్సికా గారి ద్వారా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

నేను గల్ఫ్‌కు వచ్చి పద్నాలుగేళ్లయింది. మా ఊళ్లో ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. హోటల్ కట్టేది ఫిన్లాండ్ కంపెనీ. మమ్మల్ని అక్కడ పనికి పెట్టింది ఇక్కడి లేబర్ సప్లై కంపెనీ. ఫిబ్రవరి 11న ఫిన్లాండ్ వాళ్లు ఒక్కొక్కరికీ ఒప్పంద పత్రం ఇచ్చారు. అది తెలుగులో ఉంది. అంతకుముందు నేను సంతకం పెట్టిన కాగితాలన్నీ అరబ్బీ, ఇంగ్లీషు. పని కాగితం మీద నా పేరు తెలుగులో చూడడం అదే మొదలు.

గదికి తెచ్చి నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి, బీరువా మీది కొండగట్టు అంజన్న ఫోటో ముందు ఉంచాం. నాది, నా గదిలోనే ఉండే స్వామిది, ఇంకో ఇద్దరివి. రోజూ అగరుబత్తి వెలిగించాం. దేవుడి ముందు పెట్టినదాన్ని మళ్లీ తీసి చదవాలని ఎవరికీ తోచలేదు.

స్వామి నాకు వరుసకు బావమరిది. మే 5 ఆదివారం సాయంత్రం 5 గంటలకు ఇద్దరం డ్యూటీ దిగాం. 5.30కి సప్లై కంపెనీ బండి వచ్చి అతన్ని హమద్ టౌన్‌లోని వాళ్ల ఇంకో పనికి తీసుకుపోయింది. అతను బండెక్కడం నేను చూశాను. మర్నాడు ఉదయం 5.50కి అదే బండి అతన్ని జుఫైర్ గేటు దగ్గర దింపింది.

సైటులో ఒక పుస్తకం ఉంది. నిన్న ఎప్పుడు దిగాం, ఈరోజు ఎప్పుడు ఎక్కాం అని అందులో రాసి సంతకం పెట్టాలి. మేం దాన్ని నిద్ర బుక్కు అంటాం. స్వామి కుళాయి దగ్గర నిలబడి, "బావా, కండ్లు మూసుకపోతున్నయ్. నా సంతకం నువ్వే గొట్టు" అన్నాడు. "గొడ్తగనీ, ముందుగాల మొకం కడుక్కో" అన్నాను. నిన్న 5కు దిగాడు, ఈరోజు 6కు ఎక్కాడు అని రాసి, 5.55కి అతని సంతకం నేనే పెట్టాను. ఎన్నోసార్లు ఒకరికొకరం పెట్టుకున్నాం. తప్పని అనుకోలేదు.

ఉదయం 10.20కి స్వామి రెండో అంతస్తు పరంజా చెక్కల మీది నుంచి పడ్డాడు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. అతను అరవలేదు. పడేముందే కళ్లు మూసుకుని ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రికి ఫిన్లాండ్ ఇంజనీరు హెల్మి మేడం వచ్చారు. ఎలా పడ్డాడని అడుగుతారనుకున్నాను. "ఇతను ఆఖరుసారి ఎప్పుడు పడుకున్నాడు?" అని అడిగారు. ఎంత పని చేశావని అడిగినవాళ్లను పద్నాలుగేళ్లుగా చూశాను. ఎప్పుడు పడుకున్నావని అడిగిన మనిషిని చూడలేదు. మధ్యాహ్నం 1 గంటకు ఆమె సైటు మొత్తం ఆపించారు. రెండు వందల ముప్పై మందిమి నీడలో కూర్చుని, ఆగిన క్రేను వైపు చూశాం. ఒక్క మనిషి నిద్ర సంగతి తేలేదాకా అంత క్రేను ఆగింది.

సాయంత్రం 6 గంటలకు చేతులు కడుక్కుని, అంజన్నకు దండం పెట్టి, కాగితం తీసి చదివాను. ఏడో అంశం మీద కుంకుమ రాలి ఉంటే బొటనవేలితో తుడిచాను. డ్యూటీ దిగినప్పటి నుంచి మళ్లీ ఎక్కేదాకా పదకొండు గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలని రాసి ఉంది. ఆ గంటల్లో పనికి పిలిస్తే రానని చెప్పవచ్చని, చెప్పినవాడి మీద ఏ చర్యా ఉండదని రాసి ఉంది. వాళ్ల దేశంలో ఉన్న పద్ధతే ఈ సైటులోనూ నడుస్తుందట. మూడుసార్లు చదివాను. నా ముఖం ఎరగని వాళ్లెవరో ఆ చలి దేశంలో కూర్చుని నా నిద్రకు హద్దురాళ్లు పాతారు. మేం దానికి మూడు నెలలు పొగ వేశాం. స్వామి రానని చెప్పగలిగేవాడు. ఆ సంగతి అతని తలాపునే ఉంది.

మే 7 ఉదయం 7 గంటలకు సప్లై కంపెనీ టైంకీపర్ బెన్‌హర్ గారు గదికి వచ్చారు. ఆయనది కాకినాడ వైపు. "ఆ సంతకం స్వామిదేనని చెప్పెయ్ ముత్యం. హమద్ టౌన్ హాజరులో అతని పేరే లేదు. నువ్వు పెట్టావని తేలితే స్వామితోపాటు నిన్నూ ఇంటికి పంపించేత్తారు. నాకూ పిల్లలున్నారయ్యా" అన్నారు. నేను కాగితం చూపించి, "ఇది సదివినవా సార్?" అన్నాను. ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నారు. "నాదీ ఉంది. ప్రార్థన చేయించి బైబిల్లో పెట్టుకున్నాను. సదవలేదు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు.

పుస్తకం ప్రకారం స్వామి పదమూడు గంటలు విశ్రాంతి తీసుకున్నాడు. కాబట్టి తప్పు అతనిదేనని, ఖలాస్, విరిగిన తుంటితోనే ఇంటికి పంపేస్తామని సప్లై కంపెనీ అంటోంది. అతను బండెక్కాడనడానికి నా మాట తప్ప వేరే ఆధారం లేదు. ఆ సంతకం నాది. స్వామి ఆ రాత్రి పడుకోలేదు.

ఒకరి సంతకం మరొకరు పెట్టడం నేరమని, దానికి నా మీద కేసు రావచ్చని, కావాలంటే ఆ మాట కొట్టేయించుకోవచ్చని అధికారి చెప్పారు. జెస్సికా గారు కలం ఆపి, "అన్నా, అర్థమయ్యే చెప్తున్నారా?" అని అడిగారు. "సమజయ్యే చెప్తున్న బిడ్డా. ఉండనియ్" అన్నాను.

ఇందులో ఉన్నదంతా నేను చూసినది, చేసినది. ఈ వాంగ్మూలం ఇమ్మని నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. తెలుగు ప్రతిని నా చేతికిచ్చారు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా నేనే చదువుకున్నాను. ఉదయం 11.35. చదివి సంతకం పెట్టడం నాకు ఇదే మొదటిసారి.

(సంతకం) ముత్యం
అనువాదకురాలు: (సంతకం) జెస్సికా