చెయ్యని ఫోను

దినానికి నూట నలభై సార్లు అలారం మోగుతది భాయ్, ఒక్క సెల్ టవరుకు! నూట నలభై! ఎవలు మాత్రం చూస్తరు, జర నువ్వే చెప్పు. కరెంటు పోయింది అని ఒక ఎర్ర గీత. వచ్చింది అని ఒక పచ్చ గీత. మల్ల పోయింది. మల్ల వచ్చింది. కండ్లు మండుతయి, తలకాయ తిరుగుతది, ఇంకో దిక్కు సారు...

వద్దు. గిట్ల కాదు నేను మొదలువెట్టాల్సింది. చౌటుప్పల్ల బస్సెక్కి, పట్నంల మారి, ఈ కల్వకుర్తి దాక అనుకుంటనే వచ్చిన. నా కష్టం చెప్పుకోవద్దు, తప్పే చెప్పాలె అని. చూడు, గడప దాటంగనే కష్టమే చెప్పుకుంటున్న.

నన్ను గుర్తువట్టినవు గదా? నా గొంతు వినంగనే నీ చెయ్యి ఆగింది, చూసిన. కరుణను. టవరు ఆఫీసుల అలారాల డెస్కు కరుణను. నాలుగేండ్లు రోజు ఫోన్ల మాట్లాడుకున్నం గని ఒకరి మొఖం ఒకరం చూసింది లేదు. నీ గడ్డం ఇంత నెరిసి ఉంటదనుకోలే మెహమూద్ భాయ్. నీది పడుసు గొంతు. ఇయాల మనిషిని చూస్తున్న, గొంతే లేదు.

లోపలికి పోయింది నీ ఇంటామె, లాడ్లీ బేగం అక్కనేనా? నాకు చాయ్ వద్దని చెప్పు. వెడుతున్నదా? అయ్యో. ఆమెకు తెల్వదు నేనెవలో, తెలిస్తె వెడుతుండెనా?

చేస్కో, నీ పని నువ్వు చేస్కో. ఫ్యాను మోటరా అది? తీగ చుట్టుకుంటనే విను. ఇరవై రెండు టవర్లు ఒక్కనివి చూసుకున్నవు, ఇప్పుడు ఇంట్ల కూసోని మందివి ఫ్యాన్లు బాగుచేస్తున్నవు. నా వల్లనే.

అవును. నా వల్లనే.

పెద్దగుట్ట టవరుకు మే నెలల కరెంటు నిలకడ లేకుండె, యాదికున్నదా? నువ్వే చెప్పినవు, ఆ లైను సతాయిస్తాంది బేటీ, రెండు దినాలు ఓపిక వట్టు అని. నేను వట్టలే. కంప్యూటర్ల ఆ టవరు పేరు కొట్టి, దీని అలారాలు నాకు చూపియ్యకు అని ఫిల్టరు వెట్టిన. ఏడ్సే పిల్లను అర్రల ఏసి గొళ్లెం వెట్టినట్టే. రెండు గంటలకే అనుకున్న. ఆ మధ్యాహ్నం ఎంత నిమ్మలంగ అన్నం తిన్ననో తెలుసా? పెరుగు గూడ కలుపుకున్న.

మల్ల తియ్యలే. మర్చిపోయిన. పదకొండు దినాలు.

ఆ బేస్తారం గాలిదుమారం లేచింది సూడు, పొద్దుగాల తొమ్మిదింటికి పెద్దగుట్టల కరెంటు పోయింది. బ్యాటరీ మీద రెండున్నర గంటల దాక గుంజింది టవరు. పదకొండు పదికి, బ్యాటరీ అయిపోతాంది అని అలారం వచ్చింది. వచ్చింది భాయ్! మిషను తప్పేం లేదు. నా కంటికే రాలే. గప్పుడు నేను నీకు ఒక్క ఫోను చేస్తే నువ్వు వెల్దండ కాడి నుంచి బండేసుకొని పోయి జనరేటరు నడిపిస్తుంటివి. పదకొండు నలభైకి టవరు బందైంది. ఆ ఊరికి అదొక్కటే టవరాయె.

ఆ ఊరి గోపయ్య కోడలికి, భాగ్యశ్రీకి, గప్పుడే నొప్పులు మొదలైనయి. అంబులెన్సుకు చేస్తె పోతలేదు. నర్సమ్మకు చేస్తె పోతలేదు. ఆఖరికి ట్రాక్టర్ ట్రాలీల పండవెట్టి, మీద టార్పాలిన్ కప్పి దవాఖానకు తీస్కపోయిన్రు. తొవ్వలనే, వానలనే కాన్పయింది. తల్లీ బిడ్డా బతికిన్రు. అది నేను నలుగురిని అడిగి తెలుసుకున్న, బతికిన్రు. గని ఆ పసిబిడ్డ తొమ్మిది దినాలు దవాఖానల ఉన్నది.

సాయంత్రం నువ్వు సంగతి తెల్వక, ఎప్పటి లెక్కనే టవరు చూసొద్దామని పోయినవు. ఆ ఊరి హోటలు కాడ గోపయ్య నిన్ను ఆపి చెంప మీద కొట్టిండు. పది మంది ముంగట. నువ్వు చెయ్యి లేపలే. పోయి జనరేటరు నడిపించి వచ్చినవంట.

ఆఁ, తెలుసు. అన్ని తెలుసు నాకు.

అదే సాయంత్రం, ఆరు దాటినంక, నవీన్‌కుమార్ సారు నా డెస్కు కాడికొచ్చిండు. పెద్దగుట్ట అలారం వచ్చిందా లేదా వెతుకు, ఎవలకు చెప్పినవు, అన్నడు. టవరు పేరు, తారీఖు కొట్టి వెతికిన. ఒక్కటి గూడ రాలే. సున్నా! అబ్బ, ఎంత పానం లేచొచ్చిందో! అలారమే రాలే సార్ అందామని నోరు తెరిచిన. గప్పుడు కనవడ్డది, పైన మూలకు చిన్నగ ఫిల్టరు గుర్తు. దాని పక్కన నా పేరు. తీసేసిన. ఎర్ర గీతలే గీతలు. కిందికి జరుపుతున్న కొద్ది ఒడుస్తలేవు.

సారు ఏదో ఫోనొస్తె కిటికీ దిక్కు తిరిగిండు. ప్రతి అలారం పక్కన జర జాగ ఉంటది, ఎవలకు చెప్పినమో రాసేటందుకు. పదకొండు పది అలారం పక్కన రాసిన. ‘మెహమూద్‌కు ఫోన్ చేసిన, కలువలేదు.’

ఎవలు రాయుమనలే. ఎవలు బెదిరియ్యలే. ఇంటికాడ తిప్పలున్నయి భాయ్ అంటే నువ్వు నమ్ముతవు, గని అది గాదు. భయమైంది. గంతే.

నువ్వు అబద్ధమంటవనుకున్న. నాకు ఫోనే రాలే సార్ అంటవు, సారు మల్ల నన్ను అడుగుతడు, నేను ఒప్పుకుంట. అట్లైతదనుకున్న. నువ్వేమన్నవు? సారే చెప్పిండు నాకు. ‘ఆ బిడ్డ చేసిన్నంటె చేసే ఉంటది సార్. నాకే ఆడ సిగ్నల్ లేకుండెనేమో’ అన్నవంట! ఏడ సంతకమంటె ఆడ వెట్టి, తాళాలు ఇచ్చి పోయినవంట!

ఎందుకన్నవు గా మాట? ఎందుకు నమ్మినవు నన్ను? ఏం చూసి? నాలుగేండ్లల్ల, తిన్నవా భాయ్ అని నేను ఒక్కసారి అడిగిన్ననా? రోజు నువ్వే అడుగుతుంటివి.

మూడు నెలలాయె. నీ జాగల కొత్తాయన వచ్చిండు. పని మంచిగనే చేస్తడు. ఫోనెత్తి మేడం అనంగనే, టవరు పేరు చెప్పి పెట్టేస్త.

ఇగో, కంప్యూటర్లకెళ్లి తీసిన ఈ కాయితం చూడు. నేను రాసిన మాట పక్కన మిషను టైం ఏసింది. సాయంత్రం ఆరు నలభై రెండు. పొద్దుగాల చేసిన ఫోను సంగతి సాయంత్రం రాస్తరా ఎవలన్న? చూసెటోడుంటె ఆ దినమే దొరుకుతుంటి. ఎవలు చూడలే. తీస్కో. సారుకు చూపియ్యి. నీ కొలువు నీకిస్తరు.

ఎందుకు ఎనుకకు నూకుతున్నవు?

నేనే ఇయ్యాల్నా?

...నిజమే. నువ్వు చూపిస్తె నేను దొరికినట్టు. నేను చూపిస్తె ఒప్పుకున్నట్టు. దొరుకుడే అల్కగ అనిపించింది నాకు. చూసినవా, ఒప్పుకుంటానికి వచ్చి గూడ బరువు నీ నెత్తి మీదనే వెడుతున్న.

సోమవారం ఇస్త సారుకు. ఇస్తనంటున్న గని, నా మీద నాకే నమ్మకం లేదు భాయ్.

ఇటియ్యి అక్కా, చాయ్... ఏమన్నవు? పెద్దగుట్ట నీ తల్లిగారి ఊరా? నాకు తెల్వదు! నీ తోడు, నాకు తెల్వదు అక్కా. మూడు నెలల సంది అమ్మను చూడవోలేదా? ఆయన ఆ హోటలు ముంగటికెళ్లి పోలేనంటున్నడా? నువ్వొక్కదానివి పోతె, మొగడు ఏడని అడుగుతరా?

నాతోని గాదు ఈ చాయ్ తాగుడు. కింద వెట్టు.

ఫోనెందుకు తీసినవు భాయ్? ఎవలకు? గోపయ్యకా? వద్దు. ఇప్పుడే వద్దు. కాయితం ఇస్తనంటున్న గదా సారుకు! గోపయ్యకు ఏమని చెప్పాలె నేను? ఎట్ల మొదలువెట్టాలె?

మోగుతాందా?

...ఇయ్యి. ఇటియ్యి.

హలో. గోపయ్య పెద్దనాయినా? నన్ను నువ్వెరుగవు. టవరు ఆఫీసుల పనిచేస్త, పేరు కరుణ. ఆ గాలిదుమారం నాడు నువ్వు హోటలు కాడ మెహమూద్ భాయ్‌ని కొట్టినవు... ఆగు, జర విను. ఆయన తప్పు లేదు. టవరు బందైతాందని ఆయనకు ఫోను చెయ్యాల్సింది నేను. చెయ్యలే. చేసిన్నని అబద్ధం రాసిన. ఆయనకు ఎవలు చెప్పలే పెద్దనాయినా. అవును. నేనే. లేదు, ఎవలు చెప్పమనలే. నేనే.

ఆఁ.

ఆఁ. అవును.

తిడుతుండు భాయ్. వద్దు, గుంజకు, ఫోను నా చేతులనే ఉండనీ. తిట్టనీ.

కోడలిని పిలుస్తుండు. లైన్ల ఉండుమంటుండు.

ఉన్న.