మైకులో మన తెలుగు

తమిళనాడులో విళాత్తికుళం దగ్గరి తెలుగోళ్ళ పల్లెలో, వాకిట్లో ఎండుమిరపకాయలు ఏరుతున్న అవ్వ పక్కన కాలేజీ మనవరాలు చేరింది.

“అవ్వా, ఈ ఎండాకాలం కోవిల్‌పట్టిలో మా పిల్లకాయలే పండగ నడుపుతుండారు. పాటలు, తిండి, బుట్టలల్లేది, అన్నీ ఉంటాయి. నువ్వు మైకులో మన తెలుగు దంపుడు పాట పాడాల.”

“బస్సులో నేను తెలుగు మాట్లాడితే ఊరుకోమని తొడ గిల్లింది నువ్వే కదమ్మే?”

“అది అప్పుడవ్వా. ఇప్పుడు ఇట్లాంటిదానికి గిరాకీ ఉండాది.”

“ఓహో. ఈసారి గిల్లకుండా చప్పట్లు కొడతారా?”

“కొడతారు. ఒప్పుకో అవ్వా.”

“సరి, పాడతా.”

మనవరాలు వెంటనే ఫోనెత్తి స్నేహితురాలికి అరవంలో చెప్పింది.

“పాటకి మనిషి దొరికింది. మా ఊళ్ళో ఎవరో ముసలామె, తెలుగులో పాడుతుందంట.”

“ఎవరే ఆ ముసలామె?” అనింది అవ్వ.

“ఊరికే అట్లా అన్నానవ్వా.”

“ఆమెనే పిలుచుకోని పో. మీ అవ్వకి మిరపకాయల పని ఉండాది.”