గీత మీద పడని సుక్క

“తాతా, రెండు మోనోమర్లు ఒకే గొట్టంలో పోస్తే, ఏది దేంతో బేగి కలుస్తాదో అప్పట్లో ఎలా కనిపెట్టీవోడివి? ఇప్పటిలా మిషన్లు నేవు కదా.”

మిషన్లు నేకపోతే ఏటి, త్రాసుంది కదే. ఎమ్మెస్సీలో చేరి ఇన్నాళ్లకి అడిగినావు. కూకో, సెప్తాను.

మరేటంటే, మా పెదనాన్న కూతురి పెళ్లి, ఆర్యపల్లిలో... కాదు కాదు, హుమ్మలో. మనోళ్లూ ఒడియావోళ్లూ ఒకే బంతి. ఎవుడు ఎవుడి పక్కన కూకోవాలనుకుంటాడో తెలియాలంటే, ఇస్తళ్లు ఎయ్యగానే సూడాల. ఆఖర్న వొచ్చినోడు ఖాళీ ఉన్న కాడే కూకుంటాడు, ఆడి మనసేటో నీకేటి తెలుస్తాది? మోనోమర్లూ అంతే, గొలుసులో పూసల్లా ఒకదాని పక్కన ఒకటి సేరతాయి. వేడినీళ్లలో గొట్టం పెట్టీసి, కొంచెం సిక్కబడగానే తీసి మిథనాల్లో పోసీయాల. తెల్లగా పొడి పడతాది. అందులో దేని వాటా ఎంతో తూకాలేసి తేల్చాల. పాళ్లు మార్చి మార్చి సేసి, గ్రాఫు కాయితం మీద సుక్కలు పెట్టి గీత గీస్తే, ఆ గీతే జవాబు.

మనకో జబ్బుంది సూడు, సేతినిండా రాకపోతే పని సెయ్యనట్టే. డాక్టరేటు సేసీ రోజుల్లో, ల్యాబులో నానూ, పక్క బల్ల మీద పన్జేసీ గౌరాంగో, ఒడియా కుర్రోడు, ఇద్దరం గొట్టాలు బాగా ముదిరేదాకా ఉంచీవోలం. పిడికెడు పొడి వొస్తే సంబరం.

ఆఖరి గొట్టం. నా మోనోమరు మందు సీసాలో ఇంక సుక్క నేదు. నెలాఖరుకి గీత ఇవ్వకపోతే ఫెలోషిప్పు పొడిగించమని రాయను అని గైడుగారు సెప్పీసినారు. అది పోతే నా సదువు సరి. ఆ మధ్యాన్నం కరెంటు పోతా వొస్తా ఉంది. గొట్టం కొంచెం సిక్కబడగానే తీయబోతే, గౌరాంగో నా సెయ్యి పట్టుకుని, “టికే రుహ, టికే రుహ” అంటాడు, ఇంకాసేపు ఆగు అని. మళ్లీ కరెంటు పోతే మొత్తం పోతాదిరా అని ఇదిలించుకుని తీసీసినాను. సిటికెడు పొడి. ఆడు మొహం తిప్పీసుకున్నాడు.

లెక్కేసి సుక్క పెడితే గీతకి దూరంగా పడినాదే. గైడుగారు సూసి, ఇది తప్పు, కొట్టీ, అన్నారు. పెన్సిలు పట్టుకున్నాను కూడా. అప్పుడు తట్టినాది. బేగి తీసింది ఇదొక్కటే కదా, మిగతావన్నీ ముదరబెట్టినవి, బంతికి ఆఖర్న వొచ్చినోళ్ల లెక్క.

“సార్, కొట్టీవలిసింది మిగతావి” అన్నాను. ఆయన గ్రాఫు కాయితం దగ్గరికి లాక్కుని సూసినారు. “అన్నీ మళ్లీ సేస్తావా? మందేదీ?” అన్నారు. నేదు సార్, అన్నాను.

బయటికొస్తే, మా మాటలు ఇన్నాడో ఏటో, గౌరాంగో గొట్టాలన్నీ ముందేసుకుని కడుగుతున్నాడు. నా బల్ల మీద నిండు సీసా ఉంది. ఆడి సొంత పనికి తెప్పించుకున్నది, తల్లీ. వొద్దురా అంటే ఇంటేనా? ఆ మందుతోనే గొట్టాలన్నీ బేగి తీసి మళ్లీ సేసి, నెలాఖరుకి గీత ఇచ్చీసినాను. నాకు డాక్టరేటు వొచ్చీసినాది. ఆడిది బాగా వెనకబడిపోనాది. ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. నానే ఎత్తబోతే, టీ తాగుదాం పద, అనీవోడు.

పెద్ద సదువులు సదువు, నాను కాదనను. నీ పక్క బల్ల మీద అలాటోడు ఒక్కడుండాల, నీకు. అంతే... ఇంకేటి సెప్పాల.