ఏం వద్దన్న మనిషి

జహీరాబాద్ బస్టాండు దగ్గర చెరుకురసం అమ్మే బస్వమ్మ చేతిలో మేనకోడలు త్రివేణి ఫోను పెట్టింది. తాను తయారుచేసిన ఫోను ఆటను త్రివేణి సాయంత్రంలోగా పోటీకి పంపాలి.

"ఆటల దుకాణానికి వచ్చినోళ్ల మాటలు విని, ఎవరికేం తాగనియ్యాలెనో కనిపెట్టాలె అత్తా."

బస్వమ్మ ఆడి చూసింది. "ముగ్గురికీ ఇచ్చిన. ఓడిపోయినవంటది ఏందే?"

"మూలకున్నాయన ఏం వద్దన్నడు గదా! నీళ్లెందుకిచ్చినవ్?"

"చెమటలు కారుతున్నట్టు నువ్వే గీసినవ్ గదనే. ఎండలకెల్లి దూపతోటి వచ్చినోడు వద్దంటే ఊకుంటమా?"

ఆ చెమటను త్రివేణి అందం కోసమే గీసింది. నవ్వుకుంటూ అక్కడే లాప్‌టాప్ తెరిచి ఆట మార్చింది. బస్వమ్మ మళ్లీ ఆడితే, ఈసారి ఆ మనిషి నీళ్లు తాగి, చెరుకురసం కూడా అడిగాడు.

"మంచిగుందా అత్తా? ఇగ పంపుత, ఫోనియ్యి."

బస్వమ్మ ఫోను తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఆగవే, ఇంకిద్దరు దూపతోటి నిలవడ్డరు."