ఎడంపక్కకి పొయ్యే తుపాకి

తిరపాల్రెడ్డి తుపాకి ఎత్తినాడంటే అడివిపంది పారిపొయ్యేది కాదంట, నిలబడి చూసేదంట. నవ్వమాకండి, ఇది మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, చెప్పంగా విన్న మాట, ఆయన కండ్లతో చూసినాయన. నల్లమల అంచున ఊరు వాళ్ళది. మిట్టచేలు, వానొస్తే పంట, రాకపోతే లేదు. తిరపాల్రెడ్డికి అడివిని ఆనుకోని చెనక్కాయ చేను, అదే వేరుశెనగ. ఆయనకొక తుపాకి ఉండేది. వేటకొచ్చిన దొర ఎవురో ఆయన తాతకి ఇచ్చిపొయ్యినాడంట. మందు కూరి కొట్టే నాటు తుపాకి అనుకునేరు, కాదు. గడియ తుపాకి. పక్కన పిడి ఉంటది, మన తలుపు గడియ లాగినట్టు ఎనక్కి లాగితే నోరు తెరుస్తది, తూటా పెట్టి ముందుకి తోసి పిడి కిందికి వంచినామా, బిగుసుకుంటది. నున్నటి కొయ్య, పొడుగాటి గొట్టం, చూసేదానికి యమా అందంగా ఉండేదనుకో. లైసెన్సు గూడా ఉండాది. అన్నీ ఉండాయి, గురి ఒక్కటే లేదు.

గురి లేదంటే అసలుకే లేదని కాదు. ఉండాది, ఎడంపక్కన ఉండాది. పందిని చూసి కొడితే తూటా పోయి పందికి ఎడంపక్క బారెడు దూరాన మట్టిలో పడేది. ఒకసారి ఏమైందంటే, పొద్దుగూకే ఏళ పంది చేలో దిగింది, ఈయన కొట్టినాడు, గట్టుకి అవతల గుర్రమ్మ కొట్టం మీద సొరకాయ ఒకటి కాసి ఉండాది, అది రెండు చెక్కలై కింద పడిందంట. గుర్రమ్మ బయటికొచ్చింది. తిట్టుద్దేమో అనుకున్నారు జనం, ఆమె తిట్టలా. బావా, సొరకాయ ఎట్టాగూ కోసిపెట్టినావు, రేపు కాకరకాయలు కావాల, పందిని కొంచిం ఇటుపక్కకి జరిపి నిలబెట్టుకో అనిందంట. ఇంక చూడండి, ఊళ్ళో అదే నవ్వులాట. తిరపాల్రెడ్డి తుపాకి తీసినాడంటే పిల్లోళ్ళని పిలిచి, రేయ్, పోయి పంది ఎనకమాల నిలబడండ్రా, అక్కడైతే ఏం భయం లేదు అనేవాళ్ళంట.

ఆయనేమన్నా తెలివితక్కువోడా అంటే కాదు. తుపాకి ఎడమకి పోతే మనం కుడికి చూసి కొట్టాల, అంతే గదా? ఎండాకాలమంతా వంకలో కూసోని, పగిలిన కుండలు పెట్టుకోని కొట్టేవాడంట. ఎంత కుడికి జరిపితే కుండ పగులుతాదో చూసుకునేవాడు. దసరా నాటికి చెయ్యి కుదిరేది. దసరా దాటినాక చెనక్కాయ పక్వానికొస్తది, పంది దిగుతది, ఈయన నేర్చుకున్న కొలత ప్రకారం కుడికి జరిపి కొడతాడు, తూటా మళ్ళా ఎడమకే! పోయినేటి మీద ఇంకొంచిం ఎడమకి! ఏడాదంతా ఎంటబడి ఆ తుపాకిని దారికి తెచ్చుకుంటే, పండగ దాటంగానే అది ఇంకో అడుగు పక్కకి తప్పుకునేది. దేవుడికి కోపమొచ్చిందేమో అనుకోని మరుసటేడు పూజ ఇంకా గట్టిగా చేసేవాళ్ళు. దసరాకి మనం నాగలి, కొడవలి, పార అన్నీ కడిగి బొట్టు పెడతాం గదా, ఆ ఇంట్లో వాటన్నిటికంటే ముందు తుపాకికి జరిగేది మర్యాద. ఆయన పెండ్లాం ఓబులమ్మ భక్తి మనిషి. తుపాకిని పీట మీద పండబెట్టి, పసుపు ముద్ద, గంధం, కుంకుమ, అక్షింతలు, అన్నిటి మీదా బెల్లం పానకం. ఎంత గురి తప్పితే అంత పసుపు.

పసుపు ఎంత పెట్టినా పంది పందే గదా. రెండేండ్లు వరసగా చేనంతా కుళ్ళగించి తినిపొయ్యింది. ఆ చెనక్కాయలే వాళ్ళకి ఏడాది తిండీ, మళ్ళేటికి విత్తనమూ. విత్తనాలకని ఓబులమ్మ పుట్టింటికి పోయి, వదినె మూతి ఇరుపులన్నీ ఓర్చుకోని మూట మోసుకొచ్చింది. ఆమెకి ఒళ్ళు మండదా? ఏమయ్యా, ఈ పంట గూడా పంది పాలు చేసినావంటే ఇంటికి తాళమేసి మిరపకోతలకి పోదాం పద, ఆ తుపాకి గూడా ఎత్తుకోని రా, గోతాం మూటలు తగిలించుకోని మోసేదానికి పనికొస్తది అనిందంట. తిరపాల్రెడ్డికి చేను ఇడిచి పోవడమంటే ప్రాణం పోవడమే.

ఆ ఏడు ఏమైందంటే, దసరా ముందర పక్కూళ్ళో దాయాది ఒకాయన, బాగా ముసలాయన, పొయ్యినాడు. మైల. పూజ లేదు, పండగ లేదు. తిరపాల్రెడ్డి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు, పూజ చేస్తేనే తగల్లేదే, చెయ్యకపోతే ఇంకేం తగులుతాది అని. సరే, మైల తీరింది, పంది దిగింది. ఈయన దణ్ణం పెట్టుకోని, ఎండాకాలం నేర్చుకున్న కొలతే కుడికి జరిపి ఢామ్మని కొట్టినాడంట. పంది పడింది! పడిందంటే ముందు ఈయనే నమ్మలా. దగ్గరికి పోయి కాలితో తన్ని చూసి, ఆ తర్వాత గుర్రమ్మ కొట్టం వైపు చూసినాడంట, అక్కడ ఎక్కడి కాయలు అక్కడే ఉండాయి. ఆ ఏడు చెనక్కాయలు బస్తాల్లో ఇంటికొచ్చినాయి.

ఇంక ఊళ్ళో తర్కం మొదలైంది. తుపాకి అదే, మనిషి అదే, పంది అదే జాతి. మారిందేంది? దాయాది పోవడం ఒక్కటే. అంటే ఏంది? ఆ తుపాకి దాయాది ప్రాణం అడుగుతా ఉండాది! ఆ మాట మొదట అన్నోడు ఎవురో ఇప్పటికీ తెలీదు గానీ, పొద్దున అంటే సందకాడికి ఊరు చుట్టేసిందంట. ఇంత తెలివితక్కువ జనం ఉంటారా అని నా మొగం చూడమాకండి. పంట నోటి కాడ ఉన్నోడికి ఏం చెప్పినా నిజమే అనిపిస్తది. తిరపాల్రెడ్డి పైకి ఛఛ అన్నాడు గానీ లోపల ఆ మాట పెట్టుకున్నాడు.

మళ్ళా దసరా వచ్చింది. ఈ ఏడు దాయాదులంతా దుక్కల్లాగా ఉండారు, ఎవురికీ జలుబు గూడా లేదు. ఓబులమ్మ పోయినేడు చెయ్యనిది గూడా కలిపి రెండింతలు పూజ చేసింది. పండగ పొయ్యింది, పంది దిగింది, ఈయన కొట్టినాడు. తూటా ఏ పక్క పొయ్యిందో గూడా తెలీలేదంట, అంత ఎడమకి పొయ్యింది. పంది నింపాదిగా చేను ఒక మూల తినేసి, రేపొస్తా అన్నట్టు పొయ్యింది. తెల్లారి ఓబులమ్మ ఏమీ అనకుండా అటక మీద నుంచి గోతాలు దించి దులపతా ఉండాది, మిరపకోతలకి. అది చూసి తిరపాల్రెడ్డికి లోపల పెట్టుకున్న ఆ దాయాది మాట మళ్ళా పైకి లేచింది.

అదే ఈదిలో వాళ్ళ పెదనాయన ఎంగల్రెడ్డి ఉండేవాడు. దాయాదుల్లో అందరికంటే పెద్ద. నడుం వంగింది, పండ్లు లేవు, నోరు మాత్రం గట్టిది. ఎప్పుడూ ఆ గడప తొక్కనోడు తిరపాల్రెడ్డి ఆ పొద్దు పోయి, పెదనాయనా, ఒంట్లో ఎట్టుండాది అన్నాడంట. ముసలాయన పొంగిపొయ్యినాడు, పిల్లోడికి నా మీద ఎంత ప్రేమ అని, మజ్జిగ ఇప్పించినాడు. మళ్ళా మాపటేళ పోయి, పెదనాయనా, దగ్గుతా ఉండావంట గదా? నేనేడ దగ్గినారా? తెల్లారి మళ్ళా పోయి, పెదనాయనా, ఆయాసంగా ఏమన్నా ఉండాదా? ఇట్టా పోతా ఉంటే గుర్రమ్మ చూసి నవ్వు ఆపుకోలేక, ఎందుకడుగుతున్నాడో ముసలాయన చెవిలో ఊదేసింది. ఇంకేముంది. ఎంగల్రెడ్డి కట్టె పట్టుకోని ఈదిలోకొచ్చి, ఒరే, పందిని చంపేదానికి నన్ను చంపుతావంట్రా? అయ్యో పెదనాయనా, నిన్ను నేను సావమంటానా? నీ అంతట నువ్వే పోతే... నా అంతట నేను ఎందుకు పోతాన్రా, నేను తినాల్సిన చెనక్కాయలు ఇంకా ఉండాయి! అని రెండు తగిలించినాడంట. తగిలించి, తుపాకి తే ఇటు అన్నాడు. ఇది నన్నడుగుతా ఉండాదో ఇంకేమన్నా అడుగుతా ఉండాదో, దీని సంగతి నేనే చూస్తా.

తుపాకి తీసుకుపోయి ఎండలో నులకమంచం మీద పండబెట్టుకోని, పక్కన పీటేసుకోని కూసున్నాడు. దాన్నే చూస్తా ఉండాడు. ఏముండాది చూసేదానికి, కొయ్య, ఇనుము. కొంచిం సేపటికి ఏమైందంటే, మంచం కోడు మీద నుంచి చీమలబారు ఎక్కింది. పసుపుంటే చీమలు రావు గదా అంటావేమో, పైనంతా పానకం పోసినాక పసుపుతో చీమకేం పని? ఆ చీమలు గొట్టానికి కొయ్యకి నడాన సందులో దూరతా ఉండాయి, నోట్లో అక్షింత గింజ కరుచుకోని బయటికొస్తా ఉండాయి. ముసలాయన కండ్లు నులుముకోని చూసినాడు. ఒరే తిరపాలా, ఒమ్మే ఓబులమ్మా, ఇటు రండి, తుపాకి కడుపులో బియ్యం గింజలెందుకున్నాయి? అని కేకేసినాడంట.

కత్తి మొనతో మరలు తిప్పి, గొట్టాన్ని కొయ్యలో నుంచి పైకి లేపినారు. లోపల పసుపు. పసుపంటే ఇంతా అంతా కాదు, ఏండ్లకేండ్ల పసుపు, గంధం, బియ్యం, బెల్లం, అన్నీ కలిసి గచ్చు మాదిరి గట్టిపడిపొయ్యి ఉండాది, అదీ ఒక్క కుడిపక్కనే. ఎందుకంటే, గడియ పిడి కుడిపక్కన ఉంటది గదా, ఆ పక్క కిందికేసి పండబెడితే తుపాకి నిలవదు. అందుకని ఓబులమ్మ ఎప్పుడు పూజ చేసినా పిడి పైకి పెట్టే పండబెట్టేది. పోసిందంతా పైనున్న కుడి సందులోకి దిగి, అక్కడే ఎండి, గొట్టాన్ని ఎడమకి నెడతా వచ్చింది. ఏడాదికొక పొర. దసరా దసరాకి ఇంకొంచిం ఎడమకి. పోయినేడు మైలొచ్చి కొత్త పొర పడలా, అందుకే ఆయన కొలత సరిపొయ్యింది. అంతే సంగతి.

పంది తినిపోతే తుపాకిని తిట్టినా, మొగుడ్ని తిట్టినా, గురి చెడగొట్టింది నేనేనా మామా అని ఓబులమ్మ కండ్లనీళ్ళు పెట్టుకుందంట. ఊరుకోమ్మా, నువ్వు దేవుడికే పెట్టినావు, అది ఇరుకున పడింది అన్నాడు ఎంగల్రెడ్డి. తిరపాల్రెడ్డి సంతోషం పట్టలేక ముసలాయన కాళ్ళు పట్టుకోని, పెదనాయనా, నువ్వు నూరేండ్లు బతకాల అన్నాడు. ఇప్పుడంటావురా ఆ మాట, నిన్న అనలేదే! అని కాలు ఎనక్కి తీసుకున్నాడంట.

గచ్చంతా చెక్కి, కొయ్య తుడిచి, దారం ఒకటి గొట్టం కింద నుంచి అటూ ఇటూ లాగి చూసినారు, ఎక్కడా తట్టుకోకుండా జారింది. మరలు బిగిచ్చినారు. కుండలు పెట్టి కొట్టి చూసేదానికి తూటాలు లేవు, రెండే మిగిలినాయి. పొద్దు వాలతా ఉండాది. ముసలాయన, ప్రాణం పోతుందన్నది నాది గదా, నేనూ వస్తా అని పట్టుబట్టి, మంచె ఎక్కించుకోని కూసున్నాడు. ఓబులమ్మతో కలిపి ముగ్గురూ మంచె మీద. పంది రానే వచ్చింది, రోజూ వచ్చినట్టే, దాని సొంత చేనన్నట్టే. తిరపాల్రెడ్డి గడియ బిగిచ్చి గురి చూసి కొట్టినాడు. దుమ్ము లేసింది. ఏ పక్క అనుకున్నారు? కుడిపక్క! పంది ముట్టె పక్కనుంచే పొయ్యింది తూటా. ఇన్నేండ్లలో ఆ చేలో దిగిన పందికి భయమేసింది అదే మొదటిసారి, తల పైకెత్తి చూసిందంట.

ఒరే, సూటిగా కొట్రా అని గొణిగినాడు ముసలాయన. సూటిగానే కొట్టినా పెదనాయనా. ఏడ సూటి, నీ మెడ చూసుకో, కుడికి పొయ్యింది. నిజమే, ఏండ్ల తరబడి కుడికి చూసి చూసి, ఆయన సూటి అనుకునేదే కుడిపక్క అయిపొయ్యింది. తుపాకి మారింది గానీ మనిషి మారలా. మిగిలింది ఒక్క తూటా. ఎంగల్రెడ్డి చూసినాడు. ఈడికి తెలిసిందంతా మర్చిపోవాలంటే ఏడాది పట్టుద్ది, నీకైతే తెలిసిందేం లేదు, నువ్వు కొట్టమ్మా అన్నాడంట ఓబులమ్మతో. ఆమెకి రోషం వచ్చింది, నాకేం తెలీదా? అని తుపాకి లాక్కుంది. ఏ పక్క చూడాల? ఏ పక్కా చూడమాక, పందినే చూడు. చూసింది. ఎట్టా చూసింది? పుట్టింటి నుంచి మూట మోసుకొచ్చే గతి పట్టించింది ఈ జాతే గదా, అట్టా చూసింది. ఢామ్! పంది ఉన్నకాడే కూలబడింది.

వేటలో కొట్టినోళ్ళకి తలకాయ ఇవ్వడం వాళ్ళ ఊరి మర్యాద. ఆడమనిషి పేరు మీద తలకాయ ఎప్పుడూ పోలా. పెద్దలు గొంతు సవరించుకోని, ఎట్టాగూ ఒకే ఇల్లు గదా, తిరపాల్రెడ్డి పేరు మీద ఇద్దాం అన్నారు. ఓబులమ్మ లేచి, పేరు నాది, వండేది ఆయన అనిందంట. ఆయన వండినాడు. ఉప్పు తక్కువైందని మా జేజినాయన చెప్పేవాడు. ఎంగల్రెడ్డికి పండ్లు లేవు గదా, ఆయనకి కూర ఎందుకు, ఆ ఏటి మొదటి చెనక్కాయలు మెత్తగా ఉడకబెట్టి తట్టనిండా తీసుకుపోయి ముందు పెట్టింది ఓబులమ్మ. దులిపిన గోతాల్లోకి చెనక్కాయలే పొయ్యినాయి, మిరపకోతలకి ఎవురూ పోలా.

ముసలాయన ఆ తర్వాత గూడా చానా ఏండ్లు బతికినాడు. ఎవురన్నా ఎదురుపడి, పెద్దాయనా ఒంట్లో ఎట్టుండాది అని అడిగితే, ముందు మీ చేలో పందులు పడినాయా లేదా చెప్పు, అప్పుడు చెప్తా అనేవాడంట. మా జేజినాయన ఎరక్క ఒకసారి అడిగి, కట్టెతో ఒకటి తిన్నాడు. ఆ దెబ్బ తగిలిన చోటు చూపించే చెప్పేవాడు ఈ కత.