రొయ్య పెంకుల మందు

నలభై మందికా? వృద్ధాశ్రమంలో నలభై మంది ముసలాళ్ల వీపులకి ఆ రొయ్య పెంకుల మందు రాయిస్తావా? మీ మామయ్య పోయి పట్టుమని పదహారు రోజులు కాలేదు. నాలుగు రోజుల కిందట ఫోన్ చేసి, అత్తా, మామయ్య వీపు గురించి నువ్వు చెప్పాకే మాకు ధైర్యం వచ్చింది అంటావేంట్రా. ధైర్యమట.

అడ్డురాకు. నేను చెప్పేది అయ్యాక నీ చదువుకున్న మాటలన్నీ చెబుదువుగాని.

ముప్పై రెండేళ్లు ఆ షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచాను. ఆ పెంకులు బండికెత్తి పారబోసింది మీ మామయ్యే. కుక్క కూడా మూతి పెట్టేది కాదు. నువ్వేమో తెల్లకోటు తొడుక్కుని వచ్చి ఆ చెత్తే బస్తాలకెత్తుకుపోయావు. పెంకులో చక్కెర ఉందన్నావు. నాకి చూశావా అన్నాను. తియ్యగా ఉండదత్తా, గొలుసులా ఉంటుంది, ఆ గొలుసుకి వేరే కొస తగిలిస్తే నీళ్లలో కరుగుతుంది అన్నావు. పుండుకి రాస్తే మంట ఉండదట, పండుకి పూస్తే కుళ్లు పట్టదట, ఘాటు మందులేవీ కలపక్కర్లేదట.

మనిషికీ కాయకీ ఒకటే సరుకు. నవ్వనా మరి?

ఆయన పోయే ముందు రోజు నువ్వు పూసి పంపిన జామకాయ కిటికీలో ఇంకా నిగనిగలాడుతోంది. మనిషి పోయాడు, కాయ ఉంది. బాగా కనిపెట్టావు నాయనా.

సరే, అసలు మాటకొస్తా. ఆయన మంచం పట్టి వీపు పుండు పడ్డాక ఒక డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లావు కదా. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఎలా ఉందని అడిగేవాడివి. మెత్తబడింది, ఎరుపు తగ్గింది, మంట లేదంటున్నాడు అని చెప్పేదాన్ని. అవతల నువ్వు టకటకా రాసుకునేవాడివి.

అదంతా కొట్టెయ్. నీ డబ్బా మూత నేను తియ్యనే లేదు.

ఎక్కడుందంటావా?

గిన్నెల వెనక దాచాను. రాసిందంతా మామూలు నూనె, గోరువెచ్చగా కాచి. ముప్పై రెండేళ్లు ఆ కంపు ఒంటి మీంచి కడుక్కున్నదాన్ని, మళ్లీ ఆ జిగురే నా మొగుడికి పుయ్యనా? ఆయనేమో పక్కకి ఒత్తిగిలి, మేనల్లుడి మందు రాయవే అనేవాడు. రాశాను అనేదాన్ని. హాయిగా ఉందే, చదువంటే అదీ, అనేవాడు. నూనె నాది, రెక్కలు నావి, పేరు నీది. చివరి రోజు కూడా నిన్నే మెచ్చుకున్నాడు.

నా చేతిని మాత్రం ఒక్కనాడు మెచ్చుకోలేదు. నీ చెయ్యి ఆకురాయిలా గీరుతోందే, మెల్లిగా రాయి, అనేవాడు. ఐసులో పగిలిన చెయ్యి, పట్టులా ఉంటుందా?

ఎరుపు తగ్గిందన్నదీ అబద్ధమే. తగ్గలేదు, పుండు మానలేదు. నీ పోరు పడలేక అన్నాను. నా మాట పట్టుకుని ఆ నలభై మంది జోలికి పోకు. మామయ్య పేరు కొట్టేసి మొదట్నించీ చూసుకో.

ఆగు, పెట్టెయ్యకు. ఇంకోటుంది.

నువ్వు ఆ నలభై మంది సంగతి చెప్పిన రోజే మూత తీశాను. కంపు కొడుతుందనుకున్నా, కొట్టలేదు. వాళ్లకేమయ్యేదీ ముందు నాకే అవనీ అని నాలుగు రోజులుగా నా చేతులకి రాసుకుంటున్నా. మండలేదు. పగుళ్లు పూడుతున్నాయి. ఇందాక ఆయన దుప్పటి మడతపెడుతుంటే ఒక్క పోగు కూడా చేతికి తగులుకోలేదు.

ఇది మాత్రం నిజం, కావాలంటే నీ పుస్తకంలో వేసుకో. అత్త చెయ్యి మెత్తబడింది. ఇప్పుడెవరికి కావాలి?